టెక్ సందేహాలు: ఫ్లిప్ హెల్మెట్ కొనేముందు ఎడమ చెంప చూడండి

"మాది విజయనగరం. నా ఉద్యోగం శ్రీకాకుళంలో, మా ఆవిడది ఎచ్చెర్లలో. ఒకే బండి మీద వెళ్లొస్తాం. నాకు కళ్లజోడు ఉంది. గడ్డం భాగం పైకి లేచే ఫ్లిప్ హెల్మెట్, లోపల నల్లద్దం, ఇద్దరం మాట్లాడుకోవడానికి ఇంటర్‌కామ్ కావాలి. మూడూ కుదిరేలా ఎలా ఎంచుకోవాలి?" విజయనగరం నుంచి ఓ పాఠకుడు.

మీ దారిలో నల్లద్దం సోకు కోసం కాదు, అవసరమే. పొద్దున్న నాతవలస దగ్గర హైవే ఎక్కితే శ్రీకాకుళం దాకా ఇంచుమించు తూర్పు మొహంగానే పోవాలి. సాయంత్రం పడమటి మొహంగా ఇంటికి రావాలి. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ ఎండ కళ్లల్లోనే. రణస్థలం దగ్గర ముందున్న లారీ బ్రేకు లైటు వెలిగిందో లేదో కూడా తెలియని పొద్దులు నాకు చాలా ఉన్నాయి.

ఇక అసలు సంగతి. ఫ్లిప్ హెల్మెట్, నల్లద్దం, ఇంటర్‌కామ్ దేనికది మంచిదే అయినా, మూడూ ఒకే చోటు కోసం పోటీ పడతాయి. ఆ చోటు ఎడమ చెంప. కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కాబట్టి ఇంటర్‌కామ్ బటన్లు ఎడమ చేతికి అందేలా పెడతారు. అదే కారణంతో చాలా హెల్మెట్లలో నల్లద్దం మీట కూడా ఎడమ కింది అంచునే ఉంటుంది. గడ్డం భాగం తిరిగే కీలు దానికి కాస్త పైనే. నా మొదటి ఫ్లిప్ హెల్మెట్‌కి ఇంటర్‌కామ్ బిగించిన కొట్టులో దాన్ని పట్టి ఉంచే క్లాంపును సరిగ్గా మీట పక్కన కూర్చోబెట్టారు. వారం తర్వాత సాయంత్రపు ఎండలో నల్లద్దం దించబోతే మీట సగంలో ఆగిపోయింది. ఒంటి చేత్తో బండి పట్టుకుని రెండో చేత్తో దాన్ని తోస్తూ ఎంత దూరం వచ్చానో ఇప్పటికీ గుర్తుంది. అలా ఎప్పుడూ చేయకండి. బండి పక్కకి ఆపండి.

అందుకని కొట్టుకి ఖాళీ చేతులతో వెళ్లొద్దు. ఇంటర్‌కామ్ ఇంకా కొనకపోతే కొనబోయేదాని పొడవు, వెడల్పు తెలుసుకుని, ఆ కొలతకి అట్టముక్క కత్తిరించి తీసుకెళ్లండి. హెల్మెట్ పెట్టుకుని, ఎడమ అంచున అట్టముక్క ఆనించి, నల్లద్దం నాలుగుసార్లు దించి ఎత్తండి. గడ్డం భాగం పూర్తిగా పైకి లేపి దించండి. దేనికీ తగలకూడదు. మీట నెత్తి మీద ఉన్న మోడల్ దొరికితే ఈ తగువే ఉండదు, నేనైతే దానికే ఓటేస్తాను. అంచున బయటి చిప్పకీ లోపలి థర్మకోల్‌కీ మధ్య క్లాంపు దూరేంత సందు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. సందు లేకపోతే అతికించే పట్టీ వాడాలి.

మైకు విషయంలో చాలామంది పొరబడతారు. ఇంటర్‌కామ్ పెట్టెలో తరచుగా రెండు మైకులు ఇస్తారు. బొత్తాంలా చిన్నగా ఉండేది గడ్డం భాగం కదలని ఫుల్‌ఫేస్ హెల్మెట్ కోసం. దాన్ని ఫ్లిప్ హెల్మెట్ గడ్డం లోపల అతికిస్తే, తెరిచినప్పుడల్లా తీగ సాగి సాగి తెగుతుంది. మీకు కావలసింది చెంప దగ్గర నుంచి వంగి నోటి ముందుకి వచ్చే కాడ మైకు.

స్పీకర్లు పెట్టడానికి చెవి దగ్గర గుంట ముందే ఉన్న హెల్మెట్ చూసుకోండి. గుంట లేదని కొందరు బ్లేడుతో థర్మకోల్ చెక్కేస్తారు. దెబ్బ తగిలినప్పుడు నలిగి తలని కాపాడేది ఆ పొరే, దాన్ని ముట్టుకోకూడదు. స్పీకర్ సరిగ్గా చెవి రంధ్రానికి ఎదురుగా ఉండాలి. కాస్త పక్కకి జరిగినా హైవే గాలిలో మాట సరిగ్గా వినిపించదు. అప్పుడు మనం సౌండు పెంచుతూ పోతాం, చెవులకి అది చేటు.

ఇద్దరి మధ్య మాటలకి బ్లూటూత్ రకం చాలు. మెష్ రకం బృందాలుగా తిరిగేవాళ్లకి. విడిపోయిన బండి మళ్లీ దగ్గరికి రాగానే దానంతట అదే కలుస్తుంది. మీరిద్దరూ ఒకే బండి మీద ఉన్నప్పుడు దానికి డబ్బు పోయనక్కర్లేదు. పెట్టె మీద రాసే కిలోమీటర్ల రేంజి కూడా మీకు అక్కర్లేని లెక్క. సేనా, కార్డో, బెంగళూరు వాళ్ల బ్లూఆర్మర్, ఏదైనా సరే, రెండూ ఒకే కంపెనీవి తీసుకోండి. వానకి ఐపీ67 ఉంటే నిశ్చింత. అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది.

కళ్లజోడు వాళ్లకి ఫ్లిప్ హెల్మెట్ నిజంగా హాయి. జోడు తీయకుండానే తలకి ఎక్కించుకోవచ్చు. అయితే నల్లద్దం దించినప్పుడు జోడుకి తగలకూడదు. మీ జోడుతోనే చూసుకోండి. పొద్దు వాలగానే నల్లద్దం ఎత్తేయడం మరవకండి.

భద్రత గుర్తుల మాట. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని బైక్ హెల్మెట్ అమ్మకూడదు. గుర్తు పైన ఐఎస్ 4151 అనీ, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే నంబరూ ఉండాలి. ఫోన్‌లో, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, అమల్లో ఉందో లేదో కొట్టులోనే తెలిసిపోతుంది. యూరప్ ఈసీఈ ముద్ర కూడా ఉంటే అక్కడ పి, జె అనే రెండు అక్షరాలూ ఉన్నాయా చూడండి. పి అంటే గడ్డం మూసి, జె అంటే తెరిచి పరీక్షకి నిలిచిందని. అయినా హైవే మీద గడ్డం తెరిచి నడపొద్దని నా మాట. టీ కొట్టు దగ్గర, పెట్రోల్ బంకులో తెరవడానికే అది.

డబ్బు అన్నిటికీ చాలకపోతే ఈ నెల రెండు మంచి హెల్మెట్లు కొనండి. మీ ఆవిడ తలకీ మీ తలకున్నంత హెల్మెట్టే కావాలి. ఇంటర్‌కామ్ రెండు నెలలు ఆగినా ఫర్వాలేదు.

"ఇంటర్‌కామ్ ఎందుకు, ఫోన్ హెల్మెట్‌లో దోపుకుంటే వినిపిస్తోంది కదా?" నరసన్నపేట నుంచి ఓ కుర్రాడు.

తమ్ముడూ, ఇవాళే మానెయ్. కణతకీ హెల్మెట్‌కీ మధ్య గాజు, లోహం పెడుతున్నావు. పడితే ఆ దెబ్బ నేరుగా ఎముకకే తగులుతుంది. పైగా ఫోన్ దూర్చడానికి వదులు హెల్మెట్ వాడుతూ ఉంటావు. బెల్టు పెట్టుకుని, వెనక అంచు పట్టి ముందుకి లాగి చూడు. ఊడి వస్తే అది నీ సైజు కాదు. కనుబొమలకి అంగుళం పైన టేపుతో చుట్టుకొలత తీసి, సెంటీమీటర్ల లెక్కన కొత్తది కొనుక్కో.

"చెమట వాసన పోవట్లేదు, ఏం చేయాలి?" బొబ్బిలి నుంచి ఓ చెల్లెమ్మ.

చెంప స్పాంజీలు, లోపలి గుడ్డ ఊడదీసే రకమైతే స్పీకర్లు ముందు తీసి పక్కన పెట్టమ్మా. గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి చేత్తో పిండి, నీడలో ఆరబెట్టు. బయటి చిప్పని తడిగుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలు, థిన్నర్ మాత్రం తగలనివ్వకు, పైకి కనపడకుండానే ప్లాస్టిక్‌ని పెళుసు చేస్తాయి.