నిరుద్యోగం తక్కువే, మరి అధికార పార్టీ ఎందుకు ఓడింది?

తమ్ముడూ, 2024 ఎన్నికల నాటికి అమెరికాలో నిరుద్యోగం 4 శాతం దగ్గరే ఉంది, ద్రవ్యోల్బణం కూడా దిగొచ్చింది, అయినా డెమోక్రాట్లు ఓడారు, ప్రాజెక్టులో ఈ లెక్క కుదరడం లేదన్నావు. చిక్కంతా ఆ ‘దిగొచ్చింది’ అన్న మాటలోనే ఉంది. దిగింది ధరలు పెరిగే వేగమే. 2022 జూన్‌లో 9.1 శాతమున్న ద్రవ్యోల్బణం తర్వాత 3 లోపుకి వచ్చింది, నిజమే. కానీ పెరిగిన ధరలు పెరిగినట్టే ఉండిపోయాయి. 2021 మొదట్లో 100 డాలర్లయిన ఖర్చు 2024 చివరికి దాదాపు 120 అయింది.

డజను గుడ్లే తీసుకో. 2021 జనవరిలో సగటున డాలరున్నర లోపు, రెండేళ్లకి 4.82 డాలర్లు. బర్డ్ ఫ్లూ కూడా కారణమే, కానీ బిల్లు కట్టేవాళ్లకి అదేం ఊరట? ఇంటి లోను వడ్డీ 3 శాతం లోపు నుంచి 2023 అక్టోబరులో 8కి దగ్గరగా పోయింది. ఇల్లు కొందామనుకుని ఆగిపోయిన కుటుంబం నిరుద్యోగం లెక్కల్లో ఎక్కడా కనబడదు. ఉద్యోగం పోతే కొందరికే దెబ్బ, ధరలు పెరిగితే ఇంటింటికీ. నా దృష్టిలో అసలు కారణం ఇదే.

వలసల లాంటి వేరే అంశాలూ పనిచేశాయి, వాటినీ రాయి. 1980 ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు కార్టర్‌తో చర్చలో ఆయన ప్రత్యర్థి రీగన్ ఓటర్లను అడిగింది కూడా, నాలుగేళ్ల కిందటి కంటే మీరు బాగున్నారా అనే. అందుకే నీ గ్రాఫులో వార్షిక ద్రవ్యోల్బణం రేటు తీసేసి, 2021 జనవరిని 100గా పెట్టుకుని ధరలనీ జీతాలనీ పక్కపక్కన గియ్యి.