చేతిసంచిలో ఒక జత బట్టలు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట సేపు మామిడికాయల రేట్లు, పనమ్మాయి మానేసిన సంగతి, పక్కింటివాళ్ళ కుక్క సంగతి అన్నీ చెప్పి, పెట్టేసే ముందు "అక్కా, బుజ్జి మమ్మల్ని జూలైలో అలాస్కా ఓడలో తీసుకెళ్తోందట, నీకు చెప్పానా" అంది. అదీ మీ అమ్మ. ఇంక నాకు నిద్రెక్కడ పడుతుంది. కాకినాడ బీచ్‌లో కెరటం కాలికి తగిలితే కెవ్వుమని ఏడ్చి నా కుచ్చిళ్ళలో దూరిపోయిన పిల్లవి, ఇప్పుడు అమ్మానాన్నల్ని నీ జీతం డబ్బుల్తో ఏడు రాత్రులు సముద్రం మీద తిప్పుతానంటున్నావ్. తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లి, మీ పెదనాన్న చేత తిట్లు తిని, లేచి ఇది టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

2018లో మీ అన్నయ్య మమ్మల్ని ఇదే సియాటిల్ నుంచి ఇవే ఊళ్ళు, జూనో, స్కాగ్వే, కెచికాన్, విక్టోరియా, తిప్పి తీసుకొచ్చాడు కాబట్టి మన చుట్టాల్లో ఈ విషయంలో అనుభవం ఉన్నది నాకే. మీ మావయ్య ఏదో చెప్తాడు, వినకు, ఆయనెళ్ళింది సింగపూర్ క్రూజు, అక్కడ బనీన్‌తో తిరిగినా ఒకటే.

ముందు తేలికవి చెప్పేస్తా. మనిషికో మీడియం సూట్‌కేసు చాలు, ఖాళీ చేసి మంచం కిందకి తోసెయ్యొచ్చు, పెద్దవి తెస్తే ఆ గదిలో మీకు నడవడానికి చోటుండదు, మన పాత ఇంటి వంటగదంత ఉంటుంది అంతే. పై బట్టలు రెండ్రోజులకో జత. లోపలి బట్టలు, సాక్సులు మాత్రం రోజు లెక్కన, పైన రెండు ఎక్కువ. గది గోడలు రేకువి, అయస్కాంతం కొక్కేలు అతుక్కుంటాయి, ఓ నాలుగు కొనుక్కెళ్తే తడి జాకెట్లు తగిలించుకోవచ్చు, ఇది నాకు ఆఖరి రోజున పక్క గది ఆవిడ గుమ్మం లోంచి చూస్తే తెలిసింది. ఇస్త్రీపెట్టె తేవద్దు. నేను చిన్నది ఒకటి తీసుకెళ్తే స్కానింగ్‌లో పట్టుకుని చేతిలో చీటీ పెట్టి, దిగే రోజున తిరిగిచ్చారు. ఓడలో నిప్పంటే వాళ్ళకి ప్రాణం పోయేంత భయం, అగరొత్తులు కర్పూరం కూడా వెలిగించనివ్వరు, కాబట్టి ఏడు రోజులు దీపం లేకుండా దండం పెట్టుకోవాలని మీ అమ్మకి ఇప్పట్నించే చెప్పి ఉంచు. ఇస్త్రీ లేదు కాబట్టి గంజి పెట్టిన కాటన్ చీరలు కూడా దండగే.

పార్టీ రాత్రులు ఒకటో రెండో ఉంటాయి, అందరూ సూట్లూ గౌన్లూ వేసుకుని భోజనానికొస్తారు. దానికోసం మీ అమ్మ నీ పెళ్ళికి కట్టిన వంకాయరంగు కంచిపట్టు తీస్తుంది చూడు. వద్దను. ఆ బరువు, ఆ జరీ, పైన స్వెటరు, గోక్కోలేక చస్తుంది. తేలికపాటి పట్టుచీర ఒక్కటి, రెండు రాత్రులకీ అదే, మొన్న కట్టిందే కట్టిందని చెప్పుకోవడానికి అక్కడ మన పేటవాళ్ళెవరూ ఉండరు. మీ నాన్నకి కోటు కొనకు, తెల్ల చొక్కా నల్ల ప్యాంటు చాలు, ఆయన కోటేసుకుంటే పెళ్ళికొడుకులా నిలువునా బిగుసుకుపోతారు. పిన్నీసులు డజను పట్టుకెళ్ళు, డెక్ మీద గాలికి పైట జెండాలా ఎగురుద్ది.

ఇక చలి.

"జూలైలో చలేంటి" అంటారు మీ నాన్న. అక్కడ జూలైలో పగలు 15, 18 డిగ్రీలుంటే బాగా ఎండ కాసినట్టు లెక్క, రాత్రి 10కి కూడా వెలుతురుంటుంది గాని ఆ వెలుతుర్లో వేడి ఉండదు. మీ అమ్మ ఆయాసం సంగతి నీకు తెలుసనుకుంటున్నావేమో, నీకు తెలిసింది ఇన్‌హేలర్లు వచ్చాక ఆయాసం. నాకు పన్నెండేళ్ళు, దానికి ఏడు, కార్తీకంలో ద్రాక్షారామం తీసుకెళ్ళారు మమ్మల్ని. తెల్లారుజామున గుండంలో మునిగి, తడి పావడాతోనే దీపం వదుల్తానని మొండికేసింది, దాని దీపం ఎక్కడ దాకా వెళ్తుందో చూసేదాకా కదల్దు. ఇంటికొచ్చేసరికి పిల్లికూతలు. మా అమ్మ కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె ఛాతీకి రాస్తుంటే, దాన్ని నా గుండెకి ఆన్చుకుని కూచోబెట్టి రాత్రంతా ఎన్ని ఊపిర్లు తీస్తోందో లెక్కపెట్టా. వందకొచ్చి మళ్ళీ ఒకటి. ఇప్పటికీ ఫోన్లో అది మాట్లాడుతుంటే మాటల మధ్యలో ఊపిరి వింటా నేను, అది మామిడికాయల గురించి చెప్తున్నా సరే. ఈ సంగతి దానికి చెప్పకు.

అందుకని జాగ్రత్తగా విను. ఒంటికి అంటుకుని ఉండే థర్మల్, పైన ఉన్ని స్వెటర్ గాని ఫ్లీస్ గాని, ఆ పైన వాన దిగని జాకెట్, టోపీ దానికే కుట్టి ఉన్నది. అడుగున కాటన్ బనీన్ వద్దు, ఒకసారి తడిస్తే ఆరదు, చల్లగా ఒంటికి అతుక్కుని కూచుంటుంది. చలికాలంలో టిబెట్‌వాళ్ళు రోడ్డు పక్కన కొట్లు పెడతారు చూడు, వాళ్ళ దగ్గర కొన్న మెరూన్ స్వెటర్ ఉంది మీ అమ్మకి, అది బంగారం, అది తెమ్మను. జాకెట్ మాత్రం అక్కడే నువ్వు కొను, ఇక్కడ దొరికే రెయిన్‌కోట్లు స్కూటర్ మీదకే. కెచికాన్‌లో ఏడాదికి సుమారు 150 అంగుళాల వాన పడుతుంది, మనకి కోస్తాలో 40 పడితే చెరువులు నిండాయి అంటాం, ఇంక చూసుకో. నా గొడుగు దిగిన పది నిమిషాల్లో తిరగబడింది. ఆ ఊళ్ళో క్రీక్ స్ట్రీట్ అని వాగు మీద గుంజలు పాతి కట్టిన చెక్క వీధి ఉంది, ఫోటోలకి చాలా బావుంటుంది గాని తడిస్తే పాచి పట్టిన నూతిగట్టే. చెప్పులతో ఎవరూ దిగొద్దు. మీ అమ్మకి షూ ఇక్కడే కొనిచ్చి నెల ముందు నుంచీ మేడ మీద నడిపించాలి, కొత్త షూతో ఓడెక్కితే రెండో రోజుకి మడమలు బొబ్బలు.

అలాగని ఇల్లంతా సర్దెయ్యనివ్వకు. స్కాగ్వేలో కొండ మీదకి ఒక బుల్లి రైలు ఎక్కించారు మమ్మల్ని, 1898లో మొదలుపెట్టి 1900కి కట్టేశారట ఆ లైను. బంగారం దొరుకుతుందని జనం ఎగబడి ఆ కొండ దాటేవాళ్ళంట, ఏడాదికి సరిపడా తిండీ సామానూ, దగ్గరదగ్గర ఒక టన్ను, తెచ్చుకున్నవాణ్ణే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవాళ్ళంట. మైకులో ఆ మాట వినగానే మీ పెదనాన్న నా చెవిలో "మీ చెల్లెలైతే మొదటి రోజే పాసైపోయేది" అన్నారు. మీ అమ్మ తిరపతి మూడ్రోజులకి ఏడు చీరలు సర్దిన మనిషి.

నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్తా. సగం మీ అమ్మకి తెలుసు, మిగతా సగం ఎవరికీ తెలీదు.

మంచుకొండ, అదే గ్లేసియర్ అంటారే, దాని దగ్గరికి ఓడ వెళ్ళిన రోజు నేను చీరే కట్టా. మీ వదిన ప్యాంటు కొనిస్తానంది, "అరవై దాటాక నాకు ప్యాంటేంటే" అని కసిరా. చీర, మీ అన్నయ్య స్వెటరు, మంకీ క్యాప్, బొటనవేలు విడిగా ఉండే సాక్సులు, చెప్పులు. ఆ గాలి కింద నుంచి వస్తుందమ్మా, లంగాలో దూరి గొడుగులా విప్పుతుంది. పది నిమిషాలున్నా, పళ్ళు టకటక. లోపలికెళ్ళి కాఫీ తెచ్చుకుని చక్కెర కలుపుతుంటే బయట ఉరిమినట్టు చప్పుడు, వెంటనే జనం అరుపులు. మేడంత మంచుపలక విరిగి నీళ్ళలో పడింది. అందరూ చూశారు, మీ పెదనాన్న చూశారు, నేను చెంచా పట్టుకుని అద్దం దగ్గరికి పరిగెత్తేసరికి అలలు మిగిలాయి.

ఇక ఆఖరి రాత్రి. రంగు రంగు ట్యాగులు ఇస్తారు, సూట్‌కేసుకి కట్టి రాత్రి పదకొండు లోపు గది బయట పెడితే వాళ్ళే కిందకి తీసుకెళ్తారు, పొద్దున దిగాక రేవులో మనం తీసుకోవడమే. నాకు సర్దడమంటే మహా సరదా కదా, తొమ్మిదింటికే మొత్తం సర్దేశా. మొత్తం. బీరువాలో చూశా, కొక్కేలు చూశా, మంచం కింద చూశా, ఒక్క రుమాలు కూడా మిగల్లేదని మీ పెదనాన్నకి గొప్పగా చెప్పి, నైటీ వేసుకుని, కట్టుకున్న చీర కూడా మడతపెట్టి ఆఖర్న లోపల పెట్టి జిప్పు వేశా. ఆయన లుంగీ, బనీను, చలికని స్వెటరు. ఆయన ప్యాంటు కూడా నేనే సర్దేశా. పెట్టెలు బయటికెళ్ళాయి. హాయిగా పడుకున్నాం.

తెల్లారి అయిదున్నరకి ఆయన లేచి "నా ప్యాంటేదే" అన్నారు.

నీకు నవ్వొస్తోంది గాని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నైటీ, శాలువా, అంతే నా ఆస్తి. ఆయన బీపీ బిళ్ళలు కూడా పెట్టెలోనే. లుంగీ ఎగ్గట్టి వరండాలోకి పరిగెత్తారు, అటు చివర నుంచి ఇటు చివర దాకా తలుపులే, ఒక్క పెట్టె లేదు. గదులు సర్దే కుర్రాడు, ఫిలిప్పీన్స్ పిల్లాడు, పాపం చేతులు జోడించి సామానంతా అడుక్కెళ్ళిపోయింది మేడమ్ అన్నాడు. నేను ఆయన్ని తిట్టా, నా తప్పుకి. అడ్డబొట్టు పెట్టుకుని నలభై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూచున్న మనిషిని, నైటీతో అమెరికావాళ్ళ ఇమిగ్రేషన్ ముందు నిలబడాలా అని మంచం మీద కూచుని ఏడ్చేశా బుజ్జీ.

రెండంతస్తుల పైనుంచి మీ అన్నయ్య వచ్చాడు. వాడి బ్యాగులో మిగిలింది ఒక నల్ల ట్రాక్ ప్యాంటు, ఒక టోపీ స్వెటరు. అవి నాకిచ్చారు, రెండు మడతలు పైకి మడిచి వేసుకున్నా. మీ పెదనాన్నకి ఏం లేదు. నీలం గళ్ళ లుంగీ, స్వెటరు, షూ, మంకీ క్యాప్, అలాగే దిగారు సియాటిల్లో. నేను తల దించుకుని నడుస్తున్నా, లైన్లో వెనకావిడ లుంగీ చూసి "బ్యూటిఫుల్" అంది. ఆయన వంగి థాంక్యూ చెప్పారు. ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకుంటారు ఇక్కడిదాకా. ఆఫీసరు పాస్‌పోర్టులో చీరా బొట్టూ ఫోటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోటో చూసి, స్టాంపు కొట్టాడు.

ఎవరికీ చెప్పని సగం ఏంటంటే, ఆ రేవులో సామాను కోసం నిలబడినప్పుడు చల్లగాలి కొట్టింది, నా చేతులు వాటంతటవే ప్యాంటు జేబుల్లోకి వెళ్ళాయి. వెచ్చగా ఉంది. కాళ్ళకి గాలి తగల్లేదు. అలా జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడితే ఎవరో వేరే మనిషిలా అనిపించింది, బావుంది. మూడ్రోజుల ముందు ఇదే వేసుకుని ఉంటే ఆ మంచు పడటం చూసేదాన్ని కదా అని అంత ఏడుపు వచ్చింది.

కాబట్టి ఆఖరి రాత్రి నువ్వే స్వయంగా వాళ్ళ గదికెళ్ళి, పొద్దున వేసుకునే జత, లోపలి బట్టలతో సహా, కుర్చీ మీద పెట్టించి, నీ కళ్ళతో చూశాకే పెట్టెలు బయటికి పంపు. మీ నాన్న మీద వదిలెయ్యకు. ఎక్కే రోజు కూడా ఇదే గొడవ, రేవులో పెట్టెలు తీసుకుంటే గదికి వచ్చేసరికి ఒక్కోసారి సాయంత్రం అవుద్ది, ఈలోగా ఓడ కదిలిపోతుంది, డెక్ మీద చలి. చేతిసంచిలో ఒక జత, స్వెటరు, మందులు, పాస్‌పోర్టులు. విక్టోరియా కెనడా కదా, మీ అమ్మానాన్నల కెనడా వీసా అయిందో లేదో మీ నాన్నని నేను అడిగితే "చూద్దాం" అన్నారు, ఆ చూద్దాం నాకు నచ్చలేదు, వెంటనే కనుక్కో. బయటి దేశాల్లో రిజిస్టరైన ఓడలు మధ్యలో ఒక వేరే దేశం రేవు తగలాలని 1886 నుంచీ చట్టం ఉందట అమెరికావాళ్ళకి, అందుకే ఆ ఊళ్ళో ఆగుతుంది, మీరు దిగినా దిగకపోయినా.

మీ అమ్మ చుడీదార్ కూడా వేసుకోలేదు పెళ్ళయ్యాక. అప్పుడు అత్తగారి భయం, తర్వాత మీ తాతగారు ఏమంటారో అని. ఇప్పుడు ఇద్దరూ లేరు, అయినా దానికి అలవాటైపోయింది. నువ్వు కొనిస్తే వేసుకోదు, నేను వేసుకోనట్టే.

వచ్చే గురువారం మీ నాన్న ఏదో పని మీద కాకినాడ వస్తున్నారు. ఒక కవరిస్తా, ఆవకాయ అని చెప్తా, తెరవకుండా నీకు తెచ్చిస్తారు. మీ అన్నయ్య ట్రాక్ ప్యాంటు అది, వాడికి తిరిగివ్వలేదు, అడిగితే పోయిందన్నా. మీ అమ్మ నాకంటే పొట్టి కదా, ఇంకో రెండంగుళాలు మడిచి కుట్టా, నడుం తాడు కొత్తది ఎక్కించా. మంచుకొండ రోజు పొద్దున అది స్నానానికెళ్ళాక చీర తీసి దాచేసి, ఇది మంచం మీద పెట్టు. అరుస్తుంది. నా పేరు చెప్పు.

కుడి జేబు లోతుగా ఉంటుంది. ఇన్‌హేలర్ అందులో పెట్టమను, హ్యాండ్‌బ్యాగులో కాదు.

పెద్దమ్మ