సౌదీలో నర్సు ఉద్యోగానికి అబాయా తప్పనిసరా?

ప్రశ్న: నేను నిజామాబాద్ జిల్లాలో స్టాఫ్ నర్సును. మాది క్రైస్తవ కుటుంబం. సౌదీలోని దమ్మామ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అబాయా (ఒళ్లంతా కప్పే పొడవాటి వదులు పైవస్త్రం), తలకు ముసుగు లేకుండా బయట కనిపిస్తే పోలీసులు జైల్లో పెడతారని, వాటి ఖర్చు మొదటి జీతంలో కోస్తారని ఏజెంటు అంటున్నాడు. ఇది చట్టమేనా? వేసుకోనంటే ఉద్యోగం పోతుందా?

జవాబు: విదేశీ మహిళలు అబాయా ధరించి తీరాలని గానీ, తల కప్పుకోవాలని గానీ సౌదీ చట్టం నేడు కోరడం లేదు. మహిళలు పురుషుల్లాగే మర్యాదైన దుస్తులు వేసుకుంటే చాలునని, అవి నల్ల అబాయాయే కావాలని చట్టంలో లేదని 2018 మార్చిలో యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ ఒక అమెరికన్ టీవీ ఇంటర్వ్యూలో చెప్పారు. 2019 సెప్టెంబరులో పర్యాటక వీసాలు మొదలుపెట్టినప్పుడు, విదేశీ మహిళలకు అబాయా అక్కర లేదు గానీ దుస్తులు నిండుగా ఉండాలని ప్రభుత్వం స్పష్టం చేసింది. అప్పుడే అమలులోకి తెచ్చిన బహిరంగ మర్యాద నిబంధనల్లోని 19 ఉల్లంఘనల్లో అసభ్య వస్త్రధారణ ఒకటి. అది స్త్రీ పురుషులిద్దరికీ వర్తిస్తుంది, దానికి శిక్ష జరిమానా.

ఏజెంటు మాటకు పాత ఆధారం లేకపోలేదు. బజారులో వెంటపడి 'తల కప్పుకో' అని గద్దించే ముతవ్వాలను, అంటే మత పోలీసులను, చూసి తిరిగొచ్చిన మన నర్సులు ఇంకా ఆ భయాన్నే చెబుతుంటారు. అయితే వెంటాడి అరెస్టు చేసే అధికారాన్ని 2016 ఏప్రిల్‌లో మంత్రిమండలి వారి నుంచి తీసేసింది. జైలు మాట ఇరాన్‌కు సరిపోతుంది. హిజాబ్ లేకుండా బహిరంగంగా కనిపించిన మహిళకు 10 రోజుల నుంచి 2 నెలల జైలు లేదా జరిమానా విధించవచ్చని అక్కడి శిక్షాస్మృతిలోని 638వ అధికరణం చెబుతుంది.

ఇంతమాత్రాన నిశ్చింతగా ఉండమని మీకు నేను చెప్పలేను. 'మర్యాదైన' అన్న మాటకు అర్థం చెప్పేది అధికారి. మనాహిల్ అల్ ఒతైబీ అనే సౌదీ ఫిట్‌నెస్ శిక్షకురాలు అబాయా లేకుండా దిగిన ఫొటోలు పెట్టడం, మహిళల హక్కుల గురించి పోస్టులు రాయడం ఆమెపై ఆరోపణల్లో భాగమయ్యాయి. 2024 జనవరిలో ఆమెకు 11 ఏళ్ల జైలుశిక్ష పడింది. ప్రభుత్వం దాన్ని ఉగ్రవాద నేరంగా చెప్పుకున్నా, నా దృష్టిలో అది తీవ్రమైన అన్యాయం. మీరు విదేశీయులైనా అక్కడున్నన్నాళ్లు దుస్తుల విధానంపై సోషల్ మీడియాలో వ్యాఖ్యానించకండి.

ఉద్యోగం సంగతి వేరు. డ్యూటీలో యూనిఫాం ఎలా ఉండాలో నిర్ణయించే హక్కు ఆసుపత్రికి ఉంటుంది. కాంట్రాక్టులో తల కప్పుకోవాలని రాసి, మీరు సంతకం చేస్తే దాన్ని పాటించవలసిందే. పాటించకపోయినా, ఆరోపణను లిఖితపూర్వకంగా తెలిపి మీ వాదన వినకుండా శిక్ష వేయకూడదని, ఒక తప్పుకు 5 రోజుల వేతనం మించి జరిమానా వేయకూడదని సౌదీ కార్మిక చట్టం చెబుతోంది. చట్టం పేర్కొన్న కొన్ని కోతలు తప్ప, మీ లిఖితపూర్వక అంగీకారం లేకుండా జీతంలో దేన్నీ తీసుకోకూడదు. కనుక అబాయా ఖర్చు కోతకు ఒప్పుకుంటూ ఏ కాగితంపైనా సంతకం పెట్టకండి. డ్యూటీ దుస్తులు, హాస్టల్ బయటి నియమాలు, వాటి ఖర్చు ఎవరిదన్నది ఆసుపత్రి నుంచే ఈమెయిల్‌లో రాబట్టండి.

ఏజెంటు గురించి కూడా చూసుకోండి. గల్ఫ్‌కు నర్సుల నియామకాలపై 2015 నుంచి కేంద్రం ప్రత్యేక ఆంక్షలు పెట్టింది. అతనికి అనుమతి ఉందో లేదో విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో గానీ, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో గానీ తెలుసుకోండి. నమోదైన ఏజెంటు సైతం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చేయరాదు, రశీదు ఇవ్వాలి. కాంట్రాక్టు నకలు ఒకటి ఇంట్లో ఉంచి వెళ్లండి. దమ్మామ్ రియాద్‌లోని భారత రాయబార కార్యాలయ పరిధిలోకి వస్తుంది కనుక, వివాదం వస్తే మొదటి ఫిర్యాదు అక్కడే ఇవ్వాలి.