రోజూ లేటయ్యే బుజ్జికి పెద్దమ్మ రాసేది

ఏమే బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నీ మీద చాడీలే. తొమ్మిదైనా హాస్టల్లో జడేసుకుంటూనే ఉంటుందట, రోజూ ఆఫీసుకి పరుగులేనట, నువ్వైనా చెప్పక్కా అని ఒకటే గొడవ. చెప్తాలే అన్నాను. ఏం చెప్పబోతున్నానో తెలిస్తే మాత్రం అది నాతో మాట్లాడటం మానేస్తుంది. లేటు మానెయ్యమని నేను చెప్పను, సర్వీసంతా లేటుగా వెళ్ళి మోకాళ్ళ నొప్పుల్లేకుండా రిటైరైనదాన్ని, నాకా ముఖం లేదు. లేటెలా అవ్వాలో చెప్తా, విను.

మా రోజుల్లో ఆడవాళ్ళకి జిమ్ములెక్కడివి, సిటీ బస్సే మా జిమ్ము. హైదరాబాద్ లో బస్సు స్టాపులో ఆగితే వింత కదా, స్టాపు దాటించి ఎక్కడో అవతల ఆపుతాడు, పైగా మనం ముందు డోర్ నుంచే ఎక్కాలి, మగాళ్ళు వెనక డోర్ దగ్గరే ఎక్కేస్తుంటే మనం ఇంకో బస్సు పొడవు అదనంగా పరిగెత్తాలన్నమాట. ఎడం చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చంకలో హ్యాండ్ బ్యాగు, కుడి చేతిలో క్యారియరు, అందులో అడుగు గిన్నెలో చారు. ఆ చారు ఒలక్కుండా పరిగెత్తడం ఉంది చూడూ, పైన భుజాలు అటూఇటూ కాకూడదు, పొట్ట లోపలికి బిగబట్టాలి, అడుగులు చిన్నవిగా చకచకా పడాలి. ఇప్పుడు మీ ట్రైనర్లు పొట్టా నడుమూ కండరాల్ని కోర్ కోర్ అంటున్నారే, అదే ఇది. ఫీజు లేదు.

2003లో ఎమ్ఎమ్‌టీఎస్ లోకల్ రైళ్ళు వచ్చాక భరత్ నగర్ లో ఎక్కి లకిడీకాపూల్ లో దిగేదాన్ని. బండి తప్పిపోతే ఇంకోటి ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి కాబట్టి కాళ్ళు వాటంతటవే పరిగెత్తేవి. ఆఫీసు మూడో ఫ్లోరు. టైముకొచ్చినవాళ్ళంతా కింద లిఫ్టు దగ్గర కబుర్లు చెప్పుకుంటూ క్యూలో నిలబడేవాళ్ళు, లేటైనవాళ్ళకి అంత తీరికెక్కడిది, మెట్లే గతి. మూడు లేట్లకి ఒక సీఎల్, అదే క్యాజువల్ లీవు, కట్టు మాకు. రేపట్నుంచి వ్యాయామం చేద్దాం అని ఎంత గట్టిగా అనుకున్నా కాళ్ళు కదలవు గానీ, సీఎల్ పోతుందంటే మాత్రం కదుల్తాయే. అదీ లేటులో ఉన్న గొప్పతనం, మనసుని ఒప్పించే పనే ఉండదు.

మీ పెదనాన్నని చూడు, ఆరింటి రైలుకి నాలుగున్నరకే సికింద్రాబాద్ స్టేషన్లో ఉంటారు, బెంచీ మీద కూర్చుని సమోసాలు లాగిస్తూ. పొట్ట సంగతి నేను చెప్పక్కర్లేదు.

నవ్వకు, ఇది ఊరికే అంటున్నమాట కాదు. జెర్రీ మోరిస్ అని బ్రిటన్ లో ఒక డాక్టరు, 1953లో అచ్చేశాడు, లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని బండి నడిపే డ్రైవర్ల కంటే రోజంతా మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని. ఈమధ్య 2022లో నేచర్ మెడిసిన్ లో ఇంకోటొచ్చింది, అది మరీ మన గురించే రాసినట్టుంటుంది. బ్రిటన్ లోనే, వ్యాయామం చెయ్యం అని చెప్పిన 25 వేల పైచిలుకు మంది చేతికి కొలిచే బ్యాండ్లు కట్టి కొన్నేళ్ళు గమనిస్తే, రోజువారీ పనుల్లోనే రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలు, ఆయాసం వచ్చేంత గబగబా కదిలినవాళ్ళలో గుండెజబ్బు చావులు దాదాపు సగం తక్కువున్నాయట. ఓపికున్నవాళ్ళే అలా కదల్గలరేమో కూడా, కాబట్టి అంతా పరుగు మహిమే అనలేం అనుకో. కానీ 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అదే డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు కూడా, ఒకేసారి పది నిమిషాలు చేస్తేనే లెక్క అన్న పాత షరతు తీసేశారు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి, లేదా 75 నిమిషాలు బాగా ఆయాసపడాలి, ముక్కలు ముక్కలుగా అయినా పర్లేదు. నీ పరుగులన్నీ ఖాతాలో పడుతున్నట్టే.

ఇక్కడే ఒక కిటుకుంది, మీ వయసు వాళ్ళకి ఇది తెలీదు. లేటు ఐదు పది నిమిషాలే ఉండాలి. అంతకంటే తక్కువైతే అమీర్ పేటలో మెట్రో లైను మారేటప్పుడు ఎస్కలేటర్ మీద బొమ్మలా నిలబడి రీల్స్ చూసుకుంటావు. ఎక్కువైందా, దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం దాకా బైక్ ట్యాక్సీ బుక్ చేసేస్తావు, ఎక్సర్సైజ్ సున్నా, జేబుకి చిల్లు. అరగంట దాటితే ఇంక చెప్పేదేముంది, ఎలాగూ తిట్లు తప్పవు కదా అని ఇరానీ చాయ్ తాగి తాపీగా వెళ్తావు. నాకు తెలీదనుకోకు.

ఇంకోటి, పరుగెక్కడ పెట్టాలో చూసుకో. మెట్లెక్కేటప్పుడు ఎంత వేగమైనా సరే, దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకుని మామూలుగా దిగు, చాలామంది పడేది దిగేటప్పుడే. రోడ్డు దాటేటప్పుడు లేటు సంగతి మర్చిపో. మెట్రో తలుపులు మూసుకుంటుంటే బ్యాగు అడ్డం పెట్టకు, నాలుగు నిమిషాలాగితే ఇంకోటొస్తుంది. కదిలే రైలు ఎక్కడం, పట్టాలు దాటడం, ఈ రెండూ నువ్వు చేశావని తెలిస్తే మీ అమ్మ కాదు నేనే తంతాను. పట్టాలు దాటితే రైల్వే చట్టం 147 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా ఫైను, లేదా రెండూ కూడా, అదైనా బతికి బయటపడితే కదా. గేటు దాటగానే ఒక్కసారిగా లంఘించకు, తొడ వెనక కండరం పట్టేస్తుంది, ఓ నిమిషం గబగబా నడిచి అప్పుడు అందుకో. టిఫిన్ ఫుల్లుగా లాగించి పరిగెత్తకు, అలాగని పస్తులూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. బ్యాగు రెండు భుజాలకీ తగిలించు, స్టైలని ఒక్క భుజానికే వేస్తున్నావట. చున్నీ ముడేసుకో, ఎస్కలేటర్లో ఇరుక్కుంటే మామూలుగా ఉండదు.

ఈ ఉత్తరం మీ నాన్నకి మాత్రం చూపించకు. బీపీ, షుగరూ ఉన్న మనిషి, ఏళ్ళ తరబడి కుర్చీలోంచి లేవని మనిషి, పెద్దమ్మ రాసిందని రేపు బస్సెనక పడ్డాడంటే కష్టం. అలవాటు లేని ఒంటికి ఉన్నట్టుండి పరుగు గుండెకి ప్రమాదం, ఆయన డాక్టరుని అడిగి ముందు నడక మొదలుపెట్టాలి. ఛాతీ పట్టేసినట్టున్నా, దవడో ఎడం చెయ్యో లాగినా, చల్లటి చెమటలు పట్టినా ఆయనే కాదు, ఎవరైనా సరే అక్కడే కూర్చుండిపోయి 108కి చెయ్యాలి, ఆఫీసూ గీఫీసూ తర్వాత.

ఆ పల్చటి చెప్పులతో పరుగు ఇంక ఆపెయ్, మడమలు పోతాయి. షూసుకి రెండున్నర వేలు ఫోన్ పే చేశాను, చూసుకో. సాయంత్రం పూట వెళ్ళి కొను, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బుంటాయి, పొద్దున కొంటే సాయంత్రానికి బిగుతైపోతాయి. ఆఫీసు చెప్పులు డెస్కు కింద ఉంచుకో. డబ్బులు నేనిచ్చానని అమ్మకి చెప్పకు, మందలించావా అనడిగితే గట్టిగా మందలించిందని చెప్పు.

మీ పెద్దమ్మ