బూజు మాట్లాడుతుందా, పసిగడుతుందా?

సందేహం: వేరుశనగ తెగుళ్ల మీద వ్యాసం రాస్తూ "మొక్కలు కొవ్వు సంకేతాలతో బూజులతో సంభాషిస్తాయి" అన్నాను. మిత్రుడొకాయన "కొవ్వు" దగ్గర నవ్వి, "సంభాషిస్తాయి" దగ్గర నొసలు చిట్లించాడు. వాక్యం తప్పా? మొక్కల హార్మోను జాస్మోనిక్ ఆమ్లాన్ని "మల్లె ఆమ్లం" అనవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: వ్యాకరణ దోషం లేదు. "తో... తో" వెంటవెంటనే రావడం చెవికి ఇబ్బంది, అంతే.

నవ్వులో మాత్రం న్యాయం ఉంది. "వాడికి కొవ్వెక్కింది" అనుకునే మనకు కొవ్వు సంకేతాలంటే ఇంకేదో తడుతుంది. పైగా ఇక్కడ పనిచేసేది కొవ్వు కాదు, కొవ్వు ఆమ్లం ఆక్సిజన్‌తో కలిసి మారగా వచ్చిన పదార్థం. దాన్ని ఆక్సిలిపిన్ అంటారు. అదే రాయండి. గింజకు పట్టే ఆస్పర్జిల్లస్‌ను బూజు అనడం సరైనదే. మొత్తం వర్గాన్ని చెప్పాల్సి వస్తే శిలీంధ్రాలు అనాలి. (మన ఇళ్లలో బూజు దులపడమంటే సాలెగూళ్లు దులపడమనుకోండి, ఆ గొడవ వేరు.)

అసలు పేచీ "సంభాషిస్తాయి" దగ్గరే. వేరుశనగ నూనెలో ఉండే లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లంలో 18 కార్బన్లుంటాయి. లైపాక్సిజనేస్ అనే ఎంజైము ఆక్సిజన్‌ను 9వ కార్బన్ దగ్గర తగిలిస్తే ఒక పదార్థం, 13వ దాని దగ్గర తగిలిస్తే మరొకటి పుడుతుంది. ప్రయోగశాలలో పెంచిన ఆస్పర్జిల్లస్‌కు ఇవి ఇచ్చి చూస్తే, 13 రకం అఫ్లాటాక్సిన్ లాంటి విషాల తయారీని అణిచింది. 9 రకం ఆ విషపు జన్యువుల పనిని ఇంకాసేపు పొడిగించింది. బూజుకు సొంతంగానూ ఇలాంటి ఆక్సిలిపిన్లు ఉన్నాయి, సిద్ధబీజాలు ఎప్పుడు వేయాలో తేల్చుకోవడంలో వాటికి పాత్ర ఉంది. అందుకే గింజలోని వాటికీ స్పందిస్తుంది. గింజ దాన్ని పలకరించిందేమీ లేదు! సంభాషణకు ఇద్దరు కావాలి కదా. ఇలాంటి చోట మనకు "పసిగట్టడం" అని చక్కని మాట ఉంది. పసి అంటే వాసన. "గింజలోని ఆక్సిలిపిన్లను బూజు పసిగడుతుంది" అనండి, సంస్కృతం సాయం అక్కర్లేదు.

అన్ని చోట్లా ఇదే మాట అతకదు. వేళ్లలో కాపురముండే ఆర్బస్కులర్ మైకోరైజా అనే రకం శిలీంధ్రాల సంగతి చూడండి. అవి కొవ్వు ఆమ్లపు తోక ఉన్న చిన్న కైటిన్ (శిలీంధ్రాల కణగోడల్లో ఉండే పదార్థం) ముక్కల్ని వదులుతాయని 2011లో తేలింది. వాటి ప్రభావంతో వేరు సహజీవనానికి సిద్ధమవుతుంది. ఆ శిలీంధ్రాలు కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకోలేవు, మొక్కే ఇస్తుంది. బదులుగా అవి మట్టిలోని భాస్వరం తెచ్చిపెడతాయి. ఇక్కడ "సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటాయి" అని నిక్షేపంగా రాయవచ్చు. "సంభాషిస్తాయి" అన్నా నేను అభ్యంతరపెట్టను.

ఇక "మల్లె ఆమ్లం" వద్దు. 1962లో పూల నూనెలో దొరికింది మల్లెలో కాదు, జాజిలో. అదీ ఆమ్లం కాదు, దాని నుంచి ఏర్పడే మిథైల్ ఎస్టరు అనే సమ్మేళనం. ఆమ్లాన్ని విడిగా తీసింది 1971లో, ఒక శిలీంధ్రాన్ని పెంచిన ద్రవం నుంచి. జాస్మోనిక్ ఆమ్లం అనే ఉంచేయండి.