ఓల్సన్ చొక్కా నైట్‌డ్రెస్ అయిన వారం

"మీ జట్టు ఆఫ్ సీజన్‌లో మంచి ఆటగాళ్లందరినీ వదిలించుకుంటే అభిమానిగా ఎలా తట్టుకున్నారు?" అని అడిగారు. తట్టుకోలేదండి. పదిహేనేళ్లుగా ఓక్లాండ్ అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టుని, ముద్దుగా ఏస్‌ని, పట్టుకుని వేలాడుతున్నవాణ్ణి. మా బాధ ముందు మీదేపాటి?

మేముండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. ఇక్కడి మనవాళ్లలో బేస్‌బాల్ చూసేవాళ్లే తక్కువ. ఆ కొద్దిమందీ శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ వైపే. వాళ్ల స్టేడియం నీళ్ల ఒడ్డున ఉంటుంది, ఫొటోలు బాగా పడతాయి. మాది కాంక్రీటు దిబ్బ. ఒకసారి మురుగునీళ్లు ఎదురు తన్ని ఆటగాళ్ల గదుల్లోకే వచ్చాయి. అయినా సరే, బార్ట్ రైలు దిగి ఆ పొడుగాటి వంతెన మీద నడుస్తుంటే రైట్ ఫీల్డ్ వైపు నుంచి డ్రమ్ముల మోత వినపడేది. జాతర్లో డప్పు విన్నట్టు కాళ్లు వాటంతటవే గబగబా పడేవి. బయటి తిండి రానిచ్చేవాళ్లు కాబట్టి పులిహోర డబ్బా మా సంచీలో ఎప్పుడూ ఉండేది.

2019 వేసవిలో అమ్మ వచ్చినప్పుడు తనని కూడా తీసుకెళ్లాం. ఆ ఏడు మావాళ్లు 97 ఆటలు గెలిచారు. రూల్సేమీ తెలియకపోయినా అమ్మ రెండో ఇన్నింగ్స్‌కల్లా ఒక సంగతి కనిపెట్టింది. "ఆ మూలబ్బాయి పడిపోతూ కూడా విసురుతున్నాడ్రా, ఈ మూల పొడుగబ్బాయి కాలు చాపి అందుకుంటున్నాడు. మిగతావాళ్లు ఊరికే నిలబడ్డారు." మూలబ్బాయి మాట్ చాప్‌మన్, పొడుగబ్బాయి మాట్ ఓల్సన్. నిపుణులు పేజీలకు పేజీలు రాసింది అదే.

ఇక 2022. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ గొడవై, 99 రోజులు లాకౌట్ నడిచి, మార్చి 10న ముగిసింది. అన్ని జట్లూ కొనుగోళ్లకు పరిగెత్తాయి. మావాళ్లు కొట్టు ముందు బల్ల వేసి అమ్మకం మొదలెట్టారు. 12న పిచ్చర్ (బంతి విసిరేవాడు) బాసిట్ న్యూయార్క్ మెట్స్‌కి. 14న ఓల్సన్ అట్లాంటాకి. 16న చాప్‌మన్ టొరంటోకి. మేనేజర్ (మన కోచ్ లాంటివాడు) మెల్విన్ అంతకుముందు శరత్కాలంలోనే శాన్‌డియేగోకి వెళ్లిపోయాడు, ఆయనకి ముందే వాసన తగిలినట్టుంది.

14 సోమవారం. మావాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. సీజన్ మొదలవబోతోందన్న సంబరంలో ఆ పొద్దున ఓల్సన్ 28 నంబరు చొక్కా వేసుకుని స్కూలుకెళ్లాడు. సాయంత్రం నేను తీసుకురావడానికి వెళ్లేసరికి, ఎండగా ఉన్నా, జాకెట్ జిప్పు గొంతుదాకా లాక్కుని నిలబడ్డాడు. వాళ్ల టీచరమ్మ కూడా ఏస్ అభిమానే, ఓల్సన్‌ని ఇచ్చేశారని ఆవిడే చెప్పిందట. కారెక్కి కాసేపు మాట్లాడలేదు.

"నాన్నా, ఓల్సన్‌కి మన మీద కోపమొచ్చిందా?"

"లేదు. జట్టువాళ్లే పంపేశారు."

"బాగా ఆడట్లేదా?"

"బాగానే ఆడుతున్నాడు. అతన్నిచ్చి నలుగురు కుర్రాళ్లని తీసుకున్నారు."

"వాళ్లు ఓల్సన్ కన్నా బాగా ఆడతారా?"

"పెద్దయ్యాక ఆడొచ్చు."

"మరి పెద్దయ్యాక వాళ్లని కూడా ఇచ్చేస్తారా?"

ఎర్రలైటు పచ్చదైందని వెనకవాడు హారన్ కొట్టాడు కాబట్టి బతికిపోయాను.

ఎందుకు ఇచ్చేస్తారంటే, బేస్‌బాల్‌లో ఆటగాడు దాదాపు ఆరేళ్లు మొదటి జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లు కనీస జీతం దరిదాపుల్లో, తర్వాత మూడేళ్లు ఏటా పెరుగుతూ. ఆరేళ్లయ్యాక స్వేచ్ఛ. ఓల్సన్, చాప్‌మన్ ఇద్దరికీ ఇంకా రెండేళ్లుంది. జీతం పెరిగే వేళకి అమ్మేసుకోవడం మావాళ్లకి పాత జబ్బే. 2014లో డోనాల్డ్‌సన్‌ని టొరంటోకిస్తే మరుసటేడే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఇక ఓల్సన్‌తో అట్లాంటా, బేరం కుదిరిన మర్నాడే, 8 ఏళ్లకి 16.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. 2023లో వాళ్లకి 54 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టాడు, ఆ జట్టు చరిత్రలోనే ఎక్కువ. ఆ నలుగురిలో ఒకడైన పాచే మాకు 2022లో .166 బ్యాటింగ్ చేశాడు, అంటే ఆరుసార్లకి ఒక్క హిట్. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) లాంగెలియర్స్ మాత్రం నిలబడ్డాడు, కాదనను.

చాప్‌మన్ 26 నంబరు చొక్కా నాది. మూడు రోజుల్లో తండ్రీకొడుకుల చొక్కాలు రెండూ నైట్‌డ్రెస్సులయ్యాయని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. అమ్మకి ఫోన్లో చెబితే, "స్టీలు సామాన్లామెకి జరీ చీరిచ్చి నాలుగు గరిటెలు తీసుకున్నట్టుందిరా" అంది. ఇన్నేళ్లలో ఇంతకన్నా మంచి విశ్లేషణ నేను చదవలేదు.

ఏప్రిల్ 2న ఉగాది. పంతులుగారు శుభకృత్ నామ సంవత్సరం అని చదువుతుంటే మావాళ్లకి ఆదాయమెంతో వ్యయమెంతో అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. మర్నాడే పిచ్చర్ మనాయాని శాన్‌డియేగోకి పంపేశారు. శుభకృత్‌లో 102 ఆటలు ఓడాం. శోభకృత్‌లో 112. క్రోధిలో ఏకంగా ఓక్లాండే వదిలేసి వెళ్లారు. పంచాంగంలో మా జట్టుకి నప్పిన పేరు ఆ చివరిదొక్కటే.

"ఐపీఎల్‌లోనూ అంతేగా, సన్‌రైజర్స్ వార్నర్‌ని వదిలేయలేదా" అంటారు మా ఆఫీసు మిత్రులు. అంతే కాదు. 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్‌ని 2021లో అలా పక్కన కూర్చోబెట్టడం నాకూ మండింది. కానీ అక్కడ అందరి పర్సూ ఒకటే, అందులో ముప్పాతిక వంతు ఖర్చు పెట్టి తీరాలి. బేస్‌బాల్‌లో కనీసం ఇంత పెట్టాలని గట్టి నియమమేదీ లేదు. పైగా పెద్ద జట్ల ఆదాయంలో చిన్న జట్లకి వాటా వస్తుంది. వచ్చింది జేబులో వేసుకుని "రీబిల్డ్" అంటే సరిపోతుంది. రీబిల్డ్ అంట! ఇల్లు పడగొట్టి ఇటుకలు అమ్ముకోవడాన్ని మా ఊళ్లో ఆ పేరుతో పిలవరు.

అన్నిటికన్నా కడుపుమండే లావాదేవీ 2022 డిసెంబర్‌ది. క్యాచర్ మర్ఫీని కూడా అట్లాంటాకే ఇచ్చారు. ఆ మూడు జట్ల బేరంలో అట్లాంటా వదులుకున్న క్యాచర్ విలియం కాంట్రెరాస్ ఎటు పోయాడు? మధ్యలో దూరిన మిల్వాకీకి! మాకొచ్చింది ఎస్తూరీ రూయిజ్. 2023లో 67 బేసులు దొంగిలించాడు (అంటే బంతి కొట్టకముందే తర్వాతి బేసుకి పరిగెత్తి చేరిపోయాడు) పాపం, ఆ తర్వాత నిలవలేదు. సరుకు మాది, పెళ్లి వాళ్లింట్లో.

ఆఖరి ఆటకి, 2024 సెప్టెంబర్ 26న, 46,889 మంది వచ్చారు. ఆ మధ్యాహ్నం టెక్సాస్‌ని 3-2తో గెలిచాం. తర్వాత జట్టు వెస్ట్ శాక్రమెంటోలో చిన్న లీగ్ మైదానానికి మారింది, అక్కడి నుంచి లాస్ వేగాస్‌కట. ఆ డిసెంబర్‌లోనే పిచ్చర్ సెవరినోకి మూడేళ్లకి 6.7 కోట్ల డాలర్లు ఇచ్చారు, అప్పటికి జట్టు చరిత్రలో అతిపెద్ద ఒప్పందం. అంటే డబ్బు ఉంది! ఓక్లాండ్‌లో ఉన్నన్నాళ్లూ తాళం చెవి దొరకలేదన్నమాట.

చూడటం మానేశారా అంటారేమో. మానలేదు, సిగ్గులేదు. 2025లో నిక్ కర్ట్జ్ అనే కుర్రాడు ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టిన రాత్రి మావాడూ నేనూ సోఫా మీదెక్కి గంతులేశాం. ఆ మర్నాడే వాడు కర్ట్జ్ చొక్కా అడిగాడు. వెనక పేరు లేనిది తీసుకుందాంలేరా అన్నాను.

"పేరున్నదే కొను నాన్నా. చొక్కా పొట్టిదవడం ముందో, ఆయన్ని అమ్మేయడం ముందో చూద్దాం."

ఒక సైజు పెద్దది ఆర్డర్ పెట్టాను.