ముందు ఆ జుట్టు చూడు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మడూ,

బెజవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులో దొరికిందంటూ నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. "నీళ్లలో ఉన్నవాళ్లు ఓడ మీది పిల్లని ముంచడానికొచ్చిన రాక్షసుల్లా ఉన్నారు, క్లాసులో అలాగే చెప్పనా పెదనాన్నా?" అని అడిగావు. వద్దమ్మా. ఇంకోసారి నిదానంగా చూడు.

నీళ్లలో ఉన్న ఐదుగురి జుట్టు చూశావా? మెడ దాకా కూడా లేదు. సాగరకన్య అనగానే ఏ చిత్రకారుడైనా నడుము దాటే జుట్టు వేస్తాడు. ఇక్కడ వెయ్యలేదంటే కారణం కథలో ఉంటుంది. ఇది 1837లో అచ్చయిన, డెన్మార్క్ రచయిత ఆండర్సన్ రాసిన సాగరకన్య కథలో ఆఖరి రాత్రి. రాకుమారుడికి వేరే అమ్మాయితో పెళ్లయిపోయింది. తెల్లారితే, అతని కోసం సముద్రం వదిలొచ్చిన చెల్లెలు, అదే ఆ ఓడ మీది పిల్ల, నురగైపోతుంది. అక్కలు ఐదుగురూ జుట్టు మంత్రగత్తెకిచ్చి కత్తి తెచ్చారు. చెల్లెలు ఆ రాకుమారుణ్ణి పొడిచి, ఆ రక్తం తన పాదాల మీద పడితే తోక తిరిగొస్తుంది. ఆమెని బతికించుకోవడానికి వచ్చారు వాళ్లు!

నీళ్లలోంచి లేచిన ప్రతిదాన్నీ చూసి భయపడక్కర్లేదు. హనుమంతుడి నీడ పట్టి లాగిన రాక్షసి సింహిక ఉన్న సముద్రంలోంచే, కాసేపు ఆగి అలసట తీర్చుకోమని మైనాకుడనే కొండా లేచింది.

పిల్లలు ఆ తలలు చూసి తలనీలాలంటారు, దుర్గ గుడి దగ్గర చూసిందే కదా. అననీ. మొక్కు తీర్చుకోడానికి ఇచ్చారా, ఏదైనా కొనడానికి ఇచ్చారా అని నువ్వు ఎదురడుగు.

ఇక ఓడ మీది అమ్మాయి. కాళ్ల కోసం నాలుక ఇచ్చేసింది, మాట రాదు. అందుకే చిత్రకారుడు పనంతా చేతులకప్పగించాడు. కుడిచెయ్యి కత్తి వైపు చాచింది, ఎడమచెయ్యి ఓడ అంచుని వదల్లేదు, వేళ్లు ఎంత బిగిశాయో చూడు. ఇంకా ఏమీ తేల్చుకోలేదు. బొమ్మ అక్కడ ఆగింది, నువ్వూ అక్కడే ఆగు. కత్తి సముద్రంలోకి విసిరేస్తుందని ముందే చెప్పేస్తే పిల్లలు మళ్లీ బొమ్మ వంక చూడరు.

రంగుల్ని బట్టి మాత్రం అర్థాలు తియ్యకు. పాత అచ్చు వెలిసిపోతుంది, ఫోను ఇంకాస్త మారుస్తుంది.

కింద కుడి మూల సంతకంలా ఏదో ఉంది. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, దగ్గరగా ఫొటో తీసి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న